మూత తెరిస్తే పొగ పోదా, బావా?

నేను ఎవర్నీ సలహా అడగను, ఓయివా బావా. మా అక్క దాన్ని పొగరంటుంది. పొగరు కాదు, మర్యాద. ఎదుటివాళ్ళ కాలం తినకూడదని. కాస్త జరుగు, ఈ సౌనా ఆవిరిగదిలో బల్ల మీద నీ మోకాలు నా డొక్కలో పొడుస్తోంది.

ఏంటలా చూస్తావు, మసేనా? సబ్బు అరిగిపోయింది గానీ అది పోలేదు. ఇందాక గుమ్మంలోనే ఆపింది అక్క, "రెయ్యో, పొయ్యిలో దూరి వస్తున్నావా" అని. ఆ నోటితోనే ఇంకో మాట కూడా జారింది. రేపటి తుపాకి పోటీకి నా బదులు తైస్తోకి ఫోన్ చేశావట. జట్టు పెద్దవి, నీ ఇష్టం. మొహం మీద చెప్పొచ్చుగా.

తప్పు నాదా? నా తుపాకి గొట్టానికి తగిలించిన ఆ సైలెన్సర్‌ది. ఇరుగుపొరుగు నిద్ర చెడకూడదని కొన్నాను. చప్పుడు తగ్గింది, కాదనను. కానీ ముందుకు పోవాల్సిన పొగ వెనక్కొచ్చి నా కళ్ళలో కారం కొడుతోంది. ఎదురుగా ఉన్న గురి అట్ట నాదో పక్కవాడిదో కనిపిస్తే కదా కాల్చడానికి. "కట్టెలు కూడా తెచ్చుకున్నావా రెయ్యో" అన్నాడు పొద్దున, కాల్పుల మైదానం చూసుకునే ముహోనెన్. అందరూ నవ్వారు, నువ్వు తప్ప. నువ్వు నవ్వకపోతేనే నాకు భయం.

ఊరుకున్నానా? పొయ్యిల సంగతి నాకు తెలియనిదా. గదిలోకి పొగ తన్నుకొస్తే ఏం చేస్తాం? పొగగొట్టం మూత ఇంకాస్త తెరుస్తాం. మనవాళ్ళకి నడక కంటే ముందు వచ్చే విద్య అది. తుపాకిలోనూ మందు పేలినప్పుడు పుట్టే గ్యాసుకి ఒక మర ఉంది, మూత లాంటిదే. పూర్తిగా తెరిచేశాను.

పేలిన గుల్లని బయటికి లాగే బోల్టు గుర్రం తన్నినట్టు వెనక్కొచ్చింది. ఖాళీ గుల్ల ఎగిరెళ్ళి ముహోనెన్ కాఫీలో పడింది. తుపాకి లోపల గుడ్డ పెట్టి తుడిస్తే వచ్చే మసితో బూట్లకి పాలిష్ వేసుకోవచ్చు.

ఏమన్నావ్? మూత కాదా?

ఆగాగు, నువ్వనేది ఇదా? సైలెన్సర్ గ్యాసుని తొందరగా బయటికి పోనివ్వదు. గొట్టంలో ఒత్తిడి ఎక్కువసేపు నిలుస్తుంది, బోల్టుని తోసే గ్యాసు వాటా పెరుగుతుంది. అది వేళకి ముందే తెరుచుకుంటే మిగిలిన పొగంతా, మసితో సహా, నా మొహానికే. అంటే నేను తెరిచింది పొగ పోయే దారి కాదు, బోల్టుని తన్నే దారి. మూయాల్సింది తెరిచాను.

ఏడాదికోసారి నోరు తెరుస్తావు, అదేదో పొద్దున తెరవొచ్చుగా.

నేను అడగలేదా? సరే, అదీ నిజమే.

మరి తైస్తో? ఓహో. రేపు పొద్దున మైదానంలో నా తుపాకి సరిగ్గా ఆడితే నేను, లేకపోతే వాడు. న్యాయమే. ఇంటికెళ్ళి శుభ్రం చేసి, మర మూసి పట్టుకొస్తాను. ఆ కాలిన రాళ్ళ మీద ఇంకో చెంబు నీళ్ళు పొయ్యి.

బావా, ఆ మర ఎటు తిప్పితే...

ఏం లేదు. వేడి ఎక్కువైందన్నాను.

పైకి అనను గానీ, ఎటు తిప్పితే మూసుకుంటుందో నాకు తెలియదు. తెరిచినప్పుడు అటూ ఇటూ తిప్పి, ఎక్కడో ఆపాను. నువ్వు పక్కనే ఉన్నావు, అడిగితే చెబుతావు. అడగడం నాకింకా రాలేదు.