లండన్ అని పేరు పెడదామంటే

ధర్మపురిలో రంగూన్ స్టోర్ వెనకాల ఇల్లు. మధ్యాహ్నం వసారాలో పచ్చయమ్మాళ్ అవ్వ చింతపండు గింజలు తీస్తోంది. పక్కనే మనవడి పెళ్లాం అభినయ. పెళ్లయి ఏడాది నిండలేదు, అప్పుడే మూడో నెల.

“వద్దు.”

“ఎందుకు వద్దు అవ్వా? లండన్! ఎంత బాగుందో చూడు. మగపిల్లోడైనా సరిపోతాది, ఆడపిల్లయినా సరిపోతాది.”

“నాకు నోరు తిరగదు.”

“దినమూ ఫోన్లో మీ ఆడబిడ్డను పినాంగమ్మా, పినాంగమ్మా అంటావు. దానికి తిరిగే నోరు దీనికి తిరగదా?”

“పాపా, ఆ గింజలు పండులోనే వేస్తా ఉండావు. బుట్ట ఇటు పక్క ఉండాది.”

“మాట మార్చొద్దు. యువనేశ్ అప్పుడే...”

“మొగుణ్ణి పేరుపెట్టి పిలుస్తాది చూడు!”

“సరే, మీ మనవడు. మీ బంగారు మనవడు. చాలా? ఆయన అప్పుడే వాట్సాప్‌లో బంధువులందరికీ చెప్పేసినాడు. ముత్తాత దొరసామి ఓడెక్కి ఏ రేవుకు పోయొస్తే, అప్పుడు పుట్టిన బిడ్డకు ఆ రేవు పేరంట. పెద్దాయన సిలోన్‌సామి, తర్వాత మా తాత రంగూనయ్య, చివరిది పినాంగమ్మ. పాపిరెడ్డిపట్టిలో మా ఇంట్లో ఏముండాది చెప్పు? సెల్వి, కుమారు, మళ్లా సెల్వి, మళ్లా కుమారు. ఇట్లాంటి పేర్లుండే ఇంట్లో పడినానని నాకెంత సంతోషమో తెలుసా!”

“సంతోషపడు. పేరు మాత్రం వద్దు.”

“మామ పుట్టినప్పుడూ ఇట్లనే చేసినావంట. సింగపూర్ అని పెడతామంటే ఒప్పుకోలేదంట.”

“వడివేలు అని పెట్టినాను. మురుగన్ పేరు. ఏం, బాగలేదా?”

“బాగుండాది. కానీ...”

“నీ మొగుడు లండన్ పోయినాడా?”

“లేదు.”

“పోతాడా?”

“హొగెనకల్ బస్సెక్కితేనే వాంతి చేసుకుంటాడు. లండనా!”

“మరి?”

“ముత్తాత పోయినాడు కదా అవ్వా, దేశదేశాలు. ఆ గౌరవానికి. ఏం, అట్ల చూస్తావు? పోలేదా?”

“పోయినాడు.”

“అదే కదా.”

“పెన్నాగరం పోయినాడు.”

“హొగెనకల్ దారిలో ఉండే పెన్నాగరం నుంచి రంగూన్‌కా?”

“పెన్నాగరం నుంచి మళ్లా ఇంటికే.”

“అవ్వా!”

“అరవద్దు. అంగట్లో వాళ్ల చెవులన్నీ ఇటే ఉంటాయి.”

“పెన్నాగరంలో ఏముంది?”

“ఏముంటాది? రాగి చేలు, సామ చేలు.”

“అవ్వా.”

“ఒక ఇల్లు.”

“ఎవరిది?”

“ఒకామెది.”

“ఏ ఒకామె?”

“కాలేజీ చదివినావు కదా. అదీ నేనే చెప్పల్నా?”

“అయ్యయ్యో! మరి ఓడ?”

“చింతపండు ఓడకేసుకొని పోతా ఉండానని ఇంట్లో చెప్పేవాడు. నెలలు నెలలు కనబడడు. వస్తా వస్తా సేలంలో ఒక చీర కొని, దూరదేశం పట్టు అని మా అత్త చేతిలో పెట్టేవాడు.”

“పాపం, నమ్మేసిందా?”

“సముద్రం దాటి వచ్చినోడి పంచె అంచుకు ఎర్రమన్ను ఎట్ల వస్తాది? ఉతికేది ఆమే కదా.”

“గట్టిగా అడిగిందా?”

“అడగలేదు. బిడ్డ పుట్టినాక, ఏం పేరు పెడదామని ఆయనే అడిగినాడు. మీరు యాడికి పోయొచ్చినారో ఆ పేరే పెట్టండి అనింది.”

“సిలోన్!”

“వద్దంటే పోలేదని ఒప్పుకొన్నట్లు. పెట్టక ఏం చేస్తాడు? ఆడిన అబద్ధాన్ని దినమూ ఆయన నోటితోనే పిలవాల. అన్నానికి రా, నీళ్లు పోసుకోను రా అని. అదీ ఆమె ఎత్తు.”

“అబ్బ! ఏం మనిషి అవ్వా ఆమె! అప్పుడు సిగ్గుపడి మానుకున్నాడా?”

“మానుకొనుంటే రంగూనూ పినాంగూ యాడనుంచి వచ్చినాయి?”

“తాతను కూడానా!”

“మీ తాతనూ అంతే. నాకు ఆయన పేరు చెప్పే వాడుక లేదు కాబట్టి బతికిపోయినాను.”

“ఊళ్లో వాళ్లు నవ్వలేదా?”

“నవ్వుంటే బాగుండు. ఊరంతా నమ్మింది! ఓడెక్కి వచ్చిన మనిషని సంతలో మొదటి నమస్కారం ఆయనకే. అంగడికి రంగూన్ స్టోర్ అని బోర్డు. పెండ్లిండ్లలో ముందు వరస కుర్చీ. మా అత్త శిక్ష వేస్తే, ఊరు దాన్ని బిరుదు చేసి పెట్టింది. చచ్చేదాకా రొమ్ము విరుచుకొనే తిరిగినాడు.”

“అందుకా, మామకు వడివేలు?”

“అందుకే. ఆయనకు ఇంకొక బిరుదు నేనెందుకు ఇయ్యల్ల?”

“ఇప్పుడు నేనేం చేసేది? బిడ్డకు లండన్ అని పెట్టేది ఖాయమని కూర్చొనుండాడు మీ మనవడు. నిజం చెప్తే నమ్ముతాడా? అత్తకు మొగుడి మీద కోపం, కోడలికి కథలు చెప్పింది అంటాడు.”

“మా అత్త నాకు ఏమీ చెప్పలేదు.”

“ఏమీ?”

“ఒక్క మాట కూడా.”

“మరి ఎర్రమన్ను, పేరు పెట్టింది...”

“అవన్నీ ఈ ఇంటికి వచ్చినాక నా ఆడబిడ్డ, బావ, తలా ఒక మాట వాగినవి. వాళ్లకు మన్ను తెలుసు, ఊరు తెలీదు.”

“ఊరు నీకెట్ల తెలుసు?”

“చూసి తియ్యి, గింజతో పండంతా పోతా ఉండాది.”

“పోనీ! నా బిడ్డ పేరు అవ్వా ఇది. చూసినోళ్లు ఎవరైనా ఉంటే చెప్పు, ఇప్పుడే ఆయనకు ఫోన్ చేస్తాను.”

“నా పుట్టినిల్లు ఏ ఊరు?”

“పెన్నాగ... అవ్వా!”

“మా ఎదురిల్లే ఆ ఒకామెది. ఆయప్ప, మీ ముత్తాతే, చొక్కా విప్పేసి తిన్నె మీద కూర్చొని, వీధి పిల్లోళ్లకంతా వేరుశెనక్కాయలు పంచేవాడు. పినాంగులో ఉండాడని ఇక్కడ అందరూ అనుకొనేటప్పుడు నా గౌను ఒడిలో కూడా పోసినాడు.”

“అయ్యో, ఆ ఎదురింటి పిల్లనే ఏరికోరి కోడలిగా తెచ్చుకున్నారా! తెలియక తెచ్చింది పాపం మీ అత్త. పెండ్లిచూపుల్లో నిన్ను చూసి ముత్తాత మొఖం ఎట్లుండె?”

“ఆయన్ను తీసుకొని రాలేదు. మా అత్త ఒక్కతే వచ్చింది.”

“వచ్చి?”

“వంట వస్తాదా అని అడగలేదు. పాట పాడమనలేదు. ‘ఎదురింటికి వచ్చిపోయే ఆయన్ను ఇంకొక చోట చూస్తే గుర్తుపడతావా?’ అనింది. పడతానన్నాను. అప్పుడే తాంబూలం మార్చింది.”