కాంప్లెక్సులో జోగయ్య బొమ్మ

రాజాం బస్ కాంప్లెక్స్, పొద్దుట తొమ్మిదిన్నర. బెంచీకి ఈ చివర దుర్గాభవాని, ఒళ్లో డ్రాయింగు పుస్తకం. ఆ చివర జోగయ్య.

“ఏటమ్మా, ఇందాకట్నుంచీ నన్ను సూడ్డం, రాసుకోడం. సర్వేయా?”

“సర్వే కాదన్నా. బొమ్మ గీస్తన్నాను.”

“బొమ్మా? ఎవుల్ది?”

“నీదే. ముందే అడిగితే బిగుసుకుపోతారని అడగలేదు. వద్దంటే సింపేస్తాను.”

“సింపకు, ఉండుండు. నాను ఏటంత గొప్పోడినని?”

“గొప్పోల్లే అక్కర్లేదు. మాకిక్కడే బజార్లో బట్టల కొట్టు. పాపని బొమ్మల క్లాసులో దింపడానికెల్లి నేనూ సేరిపోనాను. మేష్టారేమో ఫొటోలు సూసి గియ్యొద్దు, జనంలో కూసోని గియ్యండి అన్నారు.”

“ఏదీ, ఇలా తే. ...ఈవిడికి ముక్కు లేదేటి?”

“ముక్కు కాడికొచ్చేసరికి పాలకొండ బస్సొచ్చీసింది.”

“ఈడికి కాల్లు?”

“సోడా తాగడానికి లెగిసెల్లిపోనాడు.”

“అయ్యో పాపం! ఒక్కడూ పూర్తిగా లేడు.”

“నువ్వే దొరికినావు. అరగంటై కదల్లేదు. గరివిడి బస్సులు రెండెల్లిపోయినా కదల్లేదు.”

“నానెక్కాల్సినవి అయ్యే.”

“మరి ఎక్కలేదే?”

“మాటలు కూడదీసుకుంటన్నాను. గరివిడిలో మా అక్క దాలమ్మ ఉన్నాది. దాని కూతురి పిల్లకి ఇయ్యాల బారసాల. ఊరందర్నీ పిలిసింది, సొంత తమ్ముడికి మాత్రం కబురు లేదు. నలుగురి ముందూ కడిగీడానికే ఎల్తన్నాను.”

“ఎన్నాల్లైంది మాటల్లేక?”

“రెండేల్లు. ఆ మేనగోడలి పెల్లి కాడ్నుంచి.”

“పెల్లికెల్లినావా?”

“అది... అది యేరే సంగతి. ముందు నా బొమ్మ సూపించు.”

“ఇదిగో. కనుబొమలు బాగానే కుదిరినాయి. మూతే కొంచెం... ఏటన్నా, బాగోలేదా?”

“ఇది నాను కాదు.”

“నువ్వే. సొక్కా సూడు, గళ్ల సొక్కా.”

“కాదంటే! ఇది మా అక్క. అలిగితే అచ్చం ఇలగే. మూతి బిగించీసి, కనుబొమలు రెండూ కలిపీసి... ఓ బొట్టెట్టు.”

“మీసాల మొగోడికి బొట్టేటన్నా?”

“పెట్టమ్మా! ఇంకా పెద్దది. ఆఁ... హహ్హహ్హ! దాలమ్మే! మీసాలొచ్చిన దాలమ్మ! సిన్నప్పుడు ఇలగే మూల కూసునేది. ఎంత ఆకలేసినా లెగిసేది కాదు. నానే కంచం అట్టుకెల్లి, ‘లెగవే, తినవే’ అని బతిమాలేవోడిని.”

“మరి ఈ రెండేల్లూ ఎవులు బతిమాలినారు?”

“ఆ బొమ్మ మల్లీ ఓసారి ఇలా తే.”

“అన్నా, ఏదో నోటికొచ్చి అనీసినాను. ఏటీ అనుకోకు.”

“నా ఫోనెక్కడ పెట్టినాను?”

“జేబులోనే ఉన్నాది. అదిగో, గరివిడి బస్సు కూడా వచ్చింది.”

“ఆపు, ఆపమ్మా దాన్ని! ...హలో, అక్కా? నానే, జోగయ్యని. కట్ సెయ్యకు, కట్ సెయ్యకే! బస్సెక్కుతన్నాను, గుమ్మంలోనే నిలబెట్టి తిట్టుకో... ఆఁ, ఎరుకే అక్కా. పెల్లికి మా ఇంటికొచ్చి నువ్వు మూడుసార్లు పిలిసినావు. రానిది నానే.”