ఆఖరి నవల చెప్పేస్తున్నా

అబ్బబ్బ, మళ్ళీ మీ సైన్యమే ఓడిపోతోంది, నన్నేం చెయ్యమంటారు చెప్పండి! పాచికలు నేనే వెయ్యాలి, బొమ్మలు నేనే జరపాలి. మీ తరఫునా నేనే, నా తరఫునా నేనే. ఒక్కదాన్ని ఎన్ని యుద్ధాలు చెయ్యను?

అలా పైకప్పుకేసి చూడకండి. ఇటు, బల్ల మీదికి. మంచం పక్కకే లాక్కొచ్చానుగా.

ఎప్పుడో వేల ఏళ్ళ తర్వాత నక్షత్రాల్లో జరిగే యుద్ధమట, దాన్ని బల్ల మీద బొమ్మలతో ఆడాలట! ఒకప్పుడు ఈ ఆట చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. పగలంతా వాచీలు బాగుచేసి వచ్చేవారా, కంచం ముందు పెట్టినా పట్టేది కాదు. సన్న బ్రష్షు పెదాలతో తడిపి, బొటనవేలంత సైనికుడికి కనుగుడ్లు దిద్దేవారు. ఇక నా కుట్టుమిషను మీద టేపు మాయం! ఏమిటయ్యా అంటే, సైనికుడు బల్ల మీద ఆరంగుళాలు నడవాలి, అది కొలవాలి. మరి నా గిరాకీల చొక్కాలకి కొలతలు మూరేసి తియ్యనా?

నవ్వొచ్చిందా? లేదూ? సరే.

మెదడులో నెత్తురు గడ్డకట్టిందన్నాడు డాక్టరు. ఇక ఏం చెప్పినా మీకు అందదట. మీ తమ్ముడు కూడా అంతే, "వదినా, ఎవరికి చదువుతున్నావు ఇవన్నీ?" అంటాడు. ఎవరికేంటి? ఈ ఆట మీద రాసిన నవలలు మీకు కాక ఎవరికి చదువుతాను? ఆ ఓడలూ, ఆ గ్రహాలూ, నోరు తిరగని పేర్లూ... మొదట్లో మీకోసమే. తర్వాత, సిగ్గు విడిచి చెబుతున్నా, నాకే పిచ్చి పట్టింది. పొయ్యి మీద గిన్నె మాడుతున్నా ఆ ఒంటికన్ను కమాండరు ఏమయ్యాడా అని ఒకటే ఆత్రం. అదే, మీరు ప్రాణం పెట్టి రంగులేసిన మీ కమాండరు!

ఇందాక పాచిక కింద పడింది, చూశారా? బల్ల దాటితే లెక్కలోకి రాదని మీ రూలు. నేను లెక్కేసుకున్నా. మీ ఫిరంగి కూడా పక్కకి నెట్టేశా. పచ్చి తొండి! మునుపైతే ఇల్లు పీకి పందిరేసేవారు. ఇప్పుడు కనుబొమ్మైనా కదల్లేదు.

ఇంకొక్కటి ఉంది. నవల ముగింపు ముందే చెబితే మీరు ఎవర్నీ క్షమించరు. మీ తమ్ముడు ఓసారి నోరు జారితే నెల తిరిగేదాకా వాడి మొహం చూడలేదు మీరు.

ఆఖరి నవల నేను చాటుగా చదివేశానండీ. చెప్పేస్తున్నా. వద్దంటే చెయ్యెత్తండి. పోనీ, వేలు. వేలు చాలు.

మీ కమాండరు చచ్చిపోతాడు. శత్రువు చేతిలో కూడా కాదు. పొగలో గుర్తుపట్టక సొంతవాళ్ళే కాల్చేస్తారు. పాతిపెట్టడానికి శవమైనా దొరకదు.

తిట్టండి నన్ను! ఏదో ఒకటి అనండీ!

అయ్యో, కనీసం మొహమైనా చిట్లించరేం?

సరేలెండి. మీకు కోపం తెప్పించే మాట నా దగ్గర ఇంకొకటి లేదు.