పేరు రాని ఏలం

నన్నేం చెయ్యమంటావన్నా? ఆ మెయిలు మూడు దినాలు లేటుగా వస్తే అది నా తప్పా? నువ్వొచ్చి గడపలో నిలబడి అట్ల చూస్తా ఉంటే నేనేం చెప్పేది?

ముందు లోపలికి రా. ఏడేండ్లయింది నువ్వు పళ్ళిపట్టు వైపొచ్చి. పాండూరు నించి తిరుత్తణికొచ్చి, ఆడ మళ్ళా బస్సు మారి, ఎండన పడి వచ్చినావు. కూర్చో. ఆ సంచి కింద పెట్టు. ఏముండాది దాంట్లో? పసుపు గుడ్డా? కుంకుమ, టెంకాయ గూడా తెచ్చినావా? అయ్యో దేవుడా!

కిరీటం లేదన్నా. చెప్పేసినా. ఇంట్లో లేదు. యాడా లేదు.

తెలుసు, నాకంతా తెలుసు. ఈ ఏడు మనూరి భారతంలో నువ్వే దుర్యోధనుడంట కదా. అరవై ఏండ్ల వయసులో మొదటి తూరి. నాయన కిరీటం నెత్తిన లేకుండా పద్దెనిమిదో దినం ఆట ఎక్కనని అందురి ముందరా చెప్పేసినావంట కదా. పండగ ఇంగ పది దినాలే ఉండాదంట. అందుకే చెప్తా ఉండా, మొదట్నించీ విను.

కిరీటం అటక మీద పెట్టెలో ఉండె. నాయన కూత్తులో వేషం కట్టేది మానుకున్నాక దాన్ని నాకే ఇచ్చినాడు, చిన్నప్పుడు దాని అద్దం బిళ్ళలు అంటించింది నేనేనని. నీకది నచ్చలేదు, సరే, పోనీ. ఈ వానల్లో చూస్తే పెట్టె అడుగంతా చెద! నా కూతురు లక్ష్మీప్రియ ఉండాది కదా, "సుమ్మా ఊరికే పెట్టుకోనుంటే మన్నైపోతాదిమా, ఫోన్లో పాత సామాన్లు ఏలమేసే ఆప్ ఒకటుండాది, విలువ తెలిసినోళ్ళు ఎవురన్నా తీసుకుంటారు" అనె. ఫోటో తీసి పెట్టేసింది. ఏడు దినాల ఏలం.

నాకు తెలిసిన ఏలం ఏంది? చింతచెట్ల ఏలం. ఒకటో తూరి, రెండో తూరి, మూడో తూరి అంటానే పేరు చెప్పేస్తారు. పలానా వాడికి పొయ్యింది, లేచి ఇంటికి పో! ఈ ఫోన్లో అట్ల కాదంట. పాడేవాళ్ళ పేర్లు కనపడవు, పేరుండే చోట చుక్కలు చుక్కలుగా ఉంటాది. ముగిసినాక మిషినే గెలిచినోడి పేరు రాసి, అమ్మేవాళ్ళకి మెయిలు పంపిస్తాదంట. దానంతటదే. గంట లోపల.

ఆదివారం సాయంత్రం ఆరుకి ముగిసె. ఏడుకి చూస్తిమి, లే. ఎనిమిదికి చూస్తిమి, లే. "ఏలం ముగిసింది" అని మట్టుకు అరవంలో ఉండాది. ముగిసింది సరే, ఎవురు గెలిచినాడయ్యా అంటే నోరు తెరవదే!

సోమారం లే. మంగళారం లే. లక్ష్మీప్రియ వాళ్ళకి రాస్తే ఏం జవాబొచ్చిందో తెలుసా? ఆలస్యానికి చింతిస్తా ఉండారంట. ఆ జవాబు గూడా మిషినే రాసిందంట! మిషిను చింతిస్తాదా అన్నా?

పక్కింటి చెంగమ్మక్క అనె, "పేరు రాలేదంటే ఎవురూ గెలవలేదని అర్థం దేవకీ" అని. నిజమే కదా? మన తావున పేరు చెప్పకపోతే ఏలం చెల్లదు కదా? సామాను ఎవురిది వాళ్ళ ఇంటికే కదా?

బుధారం పొద్దున మద్రాసు నించి ఒకడొచ్చినాడు, శశికుమారని. సినిమా షూటింగులకి పాత సామాన్లు చేర్చేవాడు. ఆప్‌లో ఫోటో చూసి, ఊరి పేరు పట్టుకోని వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతా వచ్చినాడు. "ఎవురికీ పోలేదు కదమ్మా, నాకియ్యండి" అనె. ఇచ్చేసినా. వాడి వ్యాను మలుపు తిరిగి అర్ధగంట కాలే, లక్ష్మీప్రియ ఫోను టింగుమనె. గెలిచినవారు కోదండరామ, పాండూరు.

నీ పేరన్నా.

వెంటనే వాడికి ఫోను చేసినాము. మోగింది, తియ్యలే. మర్నాడు తీసినాడు. ఏదో జమీందారు ఇల్లు తగలబడే సీనంట. కిరీటాన్ని గోడకి తగిలించినారంట. ఇంటితో పాటే కాలిపొయ్యిందంట.

ఏమన్నా అను. తిట్టు.

ఏందీ? నీ తప్పేం లే దేవకీ, మిషిను తప్పు అంటావా? వద్దన్నా. ఆ మాట మట్టుకు అనొద్దు. నువ్వు తిట్టింటే నేను నోరు మూసుకోనుందును.

నాకు తెలుసు. ఏలం మూడో దినమే తెలుసు. పేరు కనపడకపోతే ఏమి? అందురూ వెయ్యి, పదైదు నూర్లు, రెండు వేలు అని పాడతా ఉంటే, ఒక్కడు మట్టుకు వెయ్యిన్నొకటి, రెండు వేలా ఒకటి అంటా ఉండాడు. పెండ్లిలో చదివింపులు రాయించినట్టు ఏలం పాడేవాడు యాడుంటాడు? సున్నాతో నిలపగూడదని నాయన మనిద్దరికీ నేర్పింది కాదా అది? నువ్వేనని అప్పుడే పట్టేసినా.

మిషిను లేటు చేసింది నిజం. ఆ మూడు దినాలూ నీ పేరు రాగూడదని నేను దండం పెట్టుకున్నది గూడా నిజం. కాల్చే సీనుకని శశికుమారు ముందే చెప్పినాడు. తీసుకోని పొమ్మన్నా. ఆ దినం వాడికి ఫోను చేసినామన్నది గూడా అబద్ధం, చెయ్యనే లే. లక్ష్మీప్రియ చేస్తానంటే చేతిలోంచి లాక్కున్నా.

ఎందుకనా? నాయన పొయ్యింది తెల్లారి నాలుక్కి. నువ్వు నాకు చెప్పింది మధ్యాన్నం మూడుకి. లైను దొరకలేదంటివి. నేను బస్సు దిగి పరిగెత్తుకోనొస్తే కట్టె సగం కాలిపొయ్యి ఉండె. నాయన మొగం చూడలే నేను. నీక్కూడా ఒక తూరి అట్ల కావాలని ఏడేండ్లు కాచుకోనుంటి.

చేసినాక కడుపు చల్లబడతాదనుకుంటినన్నా. పడలే. కిరీటం కాలిందని విన్నాక కూడు దిగలే. నాయన రెండో తూరి పొయ్యినాడు. ఈ తూరి కొరివి పెట్టింది నేనే.