లోడ్ మీద చూడని బేటరీ

హలో… ఆ, నేనే బావా, నూకయ్యని.

…తాగినాను టీ. హరిబాబూ, ఒక మాట. రేపు పొద్దున్న బండి తియ్యకు.

…ఆ, నువ్వు కొన్న ఆ పాత హైబ్రిడ్ బండే, పెట్రోలూ బేటరీ రెండిటి మీదా నడిచేది. దాంట్లో కటక్ ఆస్పత్రికి ఎళ్ళొద్దు. ఇంకో బండి నేను మాటాడతాను.

…రాహుకాలం కాదు బావా, బేటరీ.

…చూసినాను. బాగుందన్నాను… ఆ, పది మంది ముందరే అన్నాను.

బాగోలేదు.

…ఇప్పుడు పాడైంది కాదు. ఆ రోజే తెలుసు నాకు.

…బండి తెర మీద చార్జింగు గీతలు చూసి "ఎంత బేగి నిండిపోతంది బావా" అని మురిసిపోనావు గుర్తుందా? ముసలి బేటరీకి అదే జబ్బు. చిన్న చెంబు బేగి నిండుతాది, బేగి ఖాళీ అవుతాది. వెనక సీటు పక్కన బేటరీని చల్లార్చే ఫేను గోల పెడితే నువ్వు ఏసీ అనుకున్నావు.

…నీకెలా తెలుస్తాది? రైల్వే వర్క్‌షాపులో పెట్టెలకి రంగులేసినోడివి. నేను ముప్పై నాలుగేళ్ళు అక్కడే రైలు కోచ్ బేటరీలు చూసినోణ్ణి. లోడ్ మీద, అంటే లైట్లూ ఫేన్లూ ఏసి బరువు మోయించి, చూడకుండా మాట చెప్పకూడదు.

…ఏటి చేసినానా? సాబు ఇన్‌స్పెక్షన్‌కి వస్తాడంటే ముసలి బేటరీని ముందురోజే చార్జింగులో పెట్టీసి, లైట్లన్నీ ఆర్పీసి మీటరు చూపించేవోళ్ళం. ఫుల్లు! సంతకం పెట్టీసి ఎళ్ళిపోయేవోడు. నీకూ అదే చేసినాను బావా. నువ్వు రాకముందే బండి తిప్పి గీతలు నింపీసినాను. నిమ్‌పురాలో సాపైన రోడ్డు మీదే నడిపించినాను. ఎత్తెక్కితే బేటరీ సంగతి బయటపడిపోతాదని, నువ్వు ఫ్లైఓవర్ ఎక్కుదామంటే, జామ్ అయిపోయిందన్నాను.

…ఎందుకంటే… నీకు ఆ బండి అమ్మిందెవరు? మా అల్లుడు వెంకటరావు.

…లేదు, ఒట్టు. ఆడు అడగలేదు. మా అమ్మాయి స్వాతీ అడగలేదు. అల్లుడి బండికి మావే వంక పెడితే ఏటి బాగుంటాదని… నాకు నేనే.

…తిట్టు. తిట్టు బావా.

…దారిలో కచ్చితంగా ఆగిపోతాదని చెప్పలేను. ఆగొచ్చు. ఎండలో, హైవే మీద, గుండె బాగోలేని చెల్లెమ్మని పెట్టుకుని నిన్ను ఎలా ఎళ్ళనిస్తాను? సిగ్గుగా ఉంది.

…ఆమెకి నేను చెప్పాలా? వద్దు. నువ్వే చెప్పు. ఆమెకి ఫోను ఇవ్వకు… హరిబాబూ—

…చెల్లెమ్మా.

…బాగున్నాను సత్యవాణీ. ఆయాసం ఎలాగుంది?

…బట్టలు సర్దీసినావా…

…కారంటే భయమా… ఊఁ… నేను చూసి బాగుందన్నానని ఎక్కడానికి ఒప్పుకున్నావా…

…లేదమ్మా. ఆ బేటరీ బాగోలేదు. తెలిసీ బాగుందని అబద్ధం ఆడినాను.

…నవ్వకు చెల్లెమ్మా.

…వేళాకోళం కాదమ్మా… నవ్వకు… నిజంగానే ఆడినాను… హలో?… ఫోను పెట్టీసినావా… హలో…