పదకొండు సార్లు ఆపిన చప్పుడు

నా పేరు, మా నాన్న పేరు, ఇంటి చిరునామా పైన రాసుకున్నారు. వయసు నలభై ఆరు. ఇళ్లలో హోమ్ థియేటర్లు బిగించడం నా వృత్తి. స్పీకర్లు, లోతైన శబ్దాలిచ్చే సబ్‌వూఫర్ పెట్టె ఎక్కడ పెట్టాలో చూసి, వైర్లు లాగి, శబ్దం సరిచేసి ఇస్తాను. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. తోటి పనివాళ్లు నన్ను పాముచెవులోడు అంటారు. ఆ పేరంటే నాకు గర్వంగా ఉండేది. మొన్న సోమవారం ఇదే స్టేషన్లో నేను చెప్పింది తప్పు. దాన్ని దిద్దుకోవడానికి, ఎవరూ పిలవకుండానే వచ్చాను. చనిపోయిన పెద్దాయన్ను చూసుకునే ఆయమ్మను మీరు అరెస్టు చేశారు. ఆమె తప్పేమీ లేదు.

సోమవారం ఉదయం పది ఇరవైకి ఆ ఇంటికి వెళ్లాను. రెండో అంతస్తు. ఇంటాయన తలుపు తీసి, హాలు చూపించి ఆఫీసుకు వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలింది ఇద్దరు. ఇంటాయన తండ్రి, పక్షవాతంతో కుడి పక్క పడిపోయి మాట కూడా పోయిన పెద్దాయన. ఆయన పనులు చూసే ఆయమ్మ. పెద్దాయన గదికీ హాలుకూ మధ్య ఒకటే గోడ.

పదకొండు నలభైకి నేను నిచ్చెన మీద ఉన్నాను. వెనక స్పీకరు బిగిస్తున్నాను. ఆయమ్మ సంచి పట్టుకుని వచ్చింది.

"అన్నా, మందులైపోయాయి. అరగంటలో వచ్చేస్తా. పెద్దయ్య పడుకున్నారు. ఏమన్నా కావాలంటే స్పూనుతో గోడ కొడతారు. ఓ చెవి అటు వేసి ఉంచండి."

"నా చెవుల సంగతి నీకు తెలీదమ్మా, చీమ నడిచినా వినపడుద్ది. వెళ్లిరా," అన్నాను.

ఆమె నవ్వింది. గది తలుపు ఓరగా తీసి ఉంచే వెళ్లింది. ఆమె మూసి వెళ్లిందని సోమవారం నేను చెప్పింది అబద్ధం. మూసింది నేను. పక్క గది తలుపు తెరిచి ఉంటే సబ్‌వూఫర్ శబ్దం అటు పోయి పలచబడుతుంది, కొలతలు తప్పుతాయి. అందుకని శబ్దం పెట్టే ముందు తలుపులన్నీ మూయడం నా అలవాటు. సరిగ్గా పన్నెండుకు మూశాను. పెద్దాయన అప్పుడు నిద్రలో ఉన్నారు. దుప్పటి ఛాతీ దాకా ఉంది.

సబ్‌వూఫర్‌కు చోటు వెతికే పద్ధతి చెప్పకపోతే మీకు అర్థం కాదు. మనిషి కూర్చునే సోఫా మీద ఆ పెట్టెను పెట్టి, గుం అని ఒకే లోతైన శబ్దం మోగిస్తాం. తర్వాత మోకాళ్ల మీద పాకుతూ, గోడల వెంట చెవి పెట్టి వింటాం. ఎక్కడ నిండుగా వినిపిస్తే పెట్టెను అక్కడికి మారుస్తాం. చూసేవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్విస్తూ పాకేవాణ్ణి.

పన్నెండు ఎనిమిదికి శబ్దం పెట్టి పాకడం మొదలుపెట్టాను. పెద్దాయన గోడ దగ్గరికి రాగానే టక్ టక్ అని చప్పుడు వినపడింది. లోతైన శబ్దానికి ఇంట్లో వదులుగా ఉన్నవన్నీ అదురుతాయి. పటమో, గాజు తలుపో, ఏదో ఒకటి. శబ్దం ఆపాను. టక్ టక్ ఆగింది. మళ్లీ పెట్టాను. మళ్లీ వచ్చింది. శబ్దంతో వచ్చి శబ్దంతో పోయేది అదురే, మా పనిలో అందరికీ తెలిసిందే. ఆయమ్మ మాట నా బుర్రకు తట్టలేదు. మా పిల్లల మీద ఒట్టు, తట్టలేదు.

గోడకున్న పటం వెనక స్పాంజి ముక్కలు అంటించాను. పెట్టాను, వచ్చింది. ఆపాను, ఆగింది. పుస్తకాల అర జరిపాను. వచ్చింది. ఆపాను, ఆగింది. స్విచ్‌బోర్డు మరలు బిగించాను. "నీ పని పడతానుండు," అని గోడతో అన్నాను. చెవి ఆనించి విన్నాను. నా చెవికీ ఆ చప్పుడుకూ మధ్య నాలుగంగుళాల ఇటుక. రానురాను చప్పుడు తగ్గుతూ వచ్చింది. స్పాంజి పనిచేస్తోందని సంబరపడ్డాను. పన్నెండు నలభై ఒకటికి పెడితే ఇక రాలేదు. హమ్మయ్య అనుకుని, ఈల వేసుకుంటూ వైర్లు చుట్టాను.

ఒంటిగంట పదికి ఆయమ్మ వచ్చింది. మందుల షాపులో జనం విరగబడి ఉన్నారంది. గది తలుపు తీసి "అయ్యో, పెద్దయ్యా!" అని కేక పెట్టింది. ఆయన మంచానికీ గోడకూ మధ్యకు జారి ఇరుక్కుపోయారు. దుప్పటి మెడకు చుట్టుకుంది. ఎడమ చేతిలో స్పూను అలాగే ఉంది. చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.

"అన్నా, గోడ కొట్టలేదా? ఒక్కసారన్నా కొట్టలేదా?"

"లేదు," అన్నాను.

తర్వాత ఇక్కడ స్టేషన్లో మీ కానిస్టేబుల్ అడిగితే, ఆమె నాకేమీ చెప్పలేదని, తలుపు మూసుకుని తన దారిన తను పోయిందని అన్నాను. భయమేసింది. ఆ సాయంత్రమే ఆమెను తీసుకొచ్చారని తెలిసి కూడా నోరు మెదపలేదు.

నిన్న గురువారం సాయంత్రం నాలుగింటికి నా నిచ్చెన తెచ్చుకోవడానికి ఆ ఇంటికి వెళ్లాను. ఇంటాయన సోఫాలో కూర్చుని ఉన్నారు.

"ఒక్క మాట చెప్పండి. నాన్న నిజంగానే గోడ కొట్టలేదా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నాన్న కొడితే మేం టీవీ ఆపేస్తామండీ. ఆపామంటే వస్తున్నామని ఆయనకి తెలుసు. ఇక కొట్టరు, చూస్తూ ఉంటారు. మూడేళ్లుగా మా మధ్య ఇదే మాట. చివర్లో మమ్మల్ని పిలవాలనే అనిపించలేదేమో ఆయనకి," అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

నిచ్చెన అక్కడే వదిలేసి వచ్చాను.

ఆపితే వస్తున్నట్టు. నేను ఆపాను. ఆయన ఎదురుచూశారు. నేను మళ్లీ పెట్టాను. నిన్నటి నుంచి మా ఇంట్లో ఫ్యాను ఆపనివ్వడం లేదు. మా ఆవిడ టీవీ కట్టేస్తే వెళ్లి మళ్లీ పెట్టాను. "ఏమైందయ్యా నీకు?" అంది. చప్పుడు ఆగితే చాలు, గోడ అవతల ఎవరో నాకోసం కాచుకుని ఉన్నట్టుంటుంది.

నా ఫోనులోని కొలతల యాప్‌లో శబ్దం పెట్టిన, ఆపిన టైములన్నీ ఉన్నాయి. గోడ మోగుతుండగా నేను ఆపింది పదకొండు సార్లు. ఫోను మీ బల్ల మీద పెట్టాను. ఆయమ్మ నాకు చెప్పే వెళ్లింది. తలుపు మూయలేదు. పెద్దాయన కొట్టారని ఆయన కొడుక్కి మీరే చెప్పండి, ఆ ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఎవరూ బెదిరించకుండా, నా అంతట నేను చెప్పిన మాటలివి. రైటరుగారు చదివి వినిపించారు. అన్నీ నిజం. ఒక్కచోట మాత్రం దిద్దమన్నాను. పన్నెండు ఎనిమిది దగ్గర "టక్ టక్ అని చప్పుడు వినపడింది" అని రాశారు. అర్థంలో తేడా ఏముందయ్యా అన్నారాయన. ఉందండీ అన్నాను. అది కొట్టేసి "పెద్దాయన పిలిచారు" అని రాయించి, పక్కన సంతకం పెట్టాను.

(సంతకం)
శుక్రవారం, ఉదయం పదకొండు ఐదు