వెనకవైపు నాలుగు రింగులు

లింగాల దగ్గర, చీనీ (బత్తాయి) తోట పక్కన వంక గట్టు. ఇనుప వల బుట్టల్లో రాళ్లు నింపి గోడ కడుతున్న చోట సూపర్‌వైజర్ ప్రవీణ్, బుట్టలు బిగించే సకీనా.

"నా బండి తాళం చూసినావా సకీనక్కా?"

"యాడ పెట్టినావప్పా?"

"యాడ పెట్టిండేది తెలిస్తే నిన్నెందుకు అడుగుతా? పొద్దున ఈ బుట్టల మీద వంగి చూస్తాంటి. జేబులోంచి జారినట్టుండాది."

"అయితే ఏడో బుట్టలో పడింటాది. ఏందో గల్లుమన్నట్టే ఉన్నింది."

"అప్పుడే చెప్పకూడదా?"

"మూత బిగిస్తాంటి. పని మధ్యలో మాట్లాడొద్దని నువ్వే కదా చెప్పింది."

"తియ్యి, తియ్యి మూత! పదకొండుకు ఇంజినీరు మేడం వస్తాది. ఆలోపల నేను జమ్మలమడుగు పోవల్ల."

"బండి మీద కట్టిండే ఆ బుట్టలు బిగించే స్ప్రింగుల మోపు తీసుకోని పోతావా?"

"ఆడ ఇంకో పని ఉండాది. దానికి."

"అవి ఈడ గోడకే కదప్పా వచ్చినాయి? ఈ గోడ వెనకే మా చీనీ చెట్లు. పోయినేడు వంక పొంగి తొమ్మిది చెట్లు ఎత్తుకపోయె."

"ఆ పాట మళ్లా ఎత్తుకోవద్దు. మూత తియ్యి."

"తీయల్లంటే అర్ధగంట. ముందు పక్క స్ప్రింగును వల ఒక్కో కన్నులోంచీ తిప్పుకుంటా పోయి, రెండు కొనలూ లోపలికి వంచినా. వెనక్కి తిప్పల్లంటే చేతులు పడిపోతాయి."

"అర్ధగంటా!"

"గట్టిగా బిగించినానని నువ్వే మెచ్చుకుంటివి."

"ముందు పక్క వద్దులే. వెనక పక్క విప్పు."

"వెనక పక్కా అంతే కదా?"

"అంతే ఏంది? వెనక స్ప్రింగులే లేవు కదా!"

"లేవా?"

"ఏం ఎరగనట్టు! నువ్వే కదా వాటి బదులు రింగులు నొక్కింది."

"ఎన్ని నొక్కినానప్పా? మతికి రాలేదు."

"నాలుగు. బుట్టకు నాలుగు."

"నాలుగు చాలని ఎవరు చెప్పినారు?"

"నేనే చెప్తి! వెనక ఎట్లాగూ మట్టి పోస్తాం, ఎవరు చూడొస్తారంటి. ఇప్పుడవన్నీ ఎందుకు? ఆ కటింగ్ ప్లేరు ఇట్లియ్యి, నేనే తీస్తా."

"జాగ్రత్తప్పా, రాళ్లు..."

"ఏం కాదు. ఇదిగో, ఒకటి. రెండు. చూడు, వేలితో లాగితే వచ్చేస్తాంది! నువ్వేమో అర్ధగంటంటివి... అబ్బా! కాలు! కాలు మీద పడె!"

"చెప్తి కదప్పా. శానా తగిలిందా?"

"బూటు ఉండబట్టి సరిపాయె. రాళ్లన్నీ జారె, తాళం మాత్రం కనపల్లేదు. ఏడో బుట్టేనా?"

"ఏడోదో, ఎనిమిదోదో... అదీ విప్పి చూడరాదా? నీకు రెండు నిమిషాల పనే కదా."

"నిజమే. ఇదీ అట్లనే వస్తాది, చూడు..."

"ఎనిమిదోది వద్దు ప్రవీణ్. ఒకటి చూశాను, చాలు."

"మే... మేడం! మీరు పదకొండుకు కదా... ఆ చీనీ చెట్ల కింద ఎప్పుడొచ్చి కూర్చున్నారు?"

"తొమ్మిదిన్నరకే. సకీనా మజ్జిగ కూడా ఇచ్చింది."

"అది కాదు మేడం, బండి తాళం బుట్టలో పడిందని..."

"బుట్టలో రాళ్లు తప్ప ఏం లేవు. ముందు ఆ స్ప్రింగుల మోపు దించు. అన్నీ వెనకవైపు తిప్పడం అయ్యాక నీ తాళం నేనిస్తాను. మజ్జిగతో పాటే నా చేతికొచ్చింది."